పెట్టుబడి లేదనడం సగం నిజమే

సంపాదకులు గారికి,

సరుకు కొనకుండా, గోదాము లేకుండా ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చంటూ డ్రాప్‌షిప్పింగ్ గురించి మీ పత్రికలో ఈమధ్య వచ్చిన కథనం చదివాను. నేనూ మూడేళ్లుగా ఆ పనే చేస్తున్నాను: ఆర్డర్ వచ్చాక సప్లయర్‌కు డబ్బు కడితే, సరుకును వాళ్లే నేరుగా కొన్నవాళ్ల ఇంటికి పంపుతారు. సరుకు కొని పెట్టుకోవక్కర్లేదన్నది నిజమే. పెట్టుబడే అక్కర్లేదన్న మాట మాత్రం ఒప్పుకోలేను. ఆ మాట నమ్మి దిగేవాళ్లు మోసపోయేది అమ్మకం దగ్గర కాదు, డబ్బు చేతికి వచ్చే దగ్గర.

నా సంగతే చెబుతాను. రోజుకు రెండు మూడు ఆర్డర్లు వచ్చే నా దుకాణంలో ఒక టేబుల్ ల్యాంప్‌కు శుక్రవారం నుంచి ఆదివారం లోపల 43 ఆర్డర్లు వచ్చాయి. ఆ సంబరంలో ఆదివారం రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని, అన్నిటికీ సప్లయర్‌కు నా క్రెడిట్ కార్డుతోనే కట్టేశాను. సోమవారం పొద్దున నేను అమ్మే మార్కెట్‌ప్లేస్ (అమెజాన్, ఈబే లాంటి ఆన్‌లైన్ అమ్మకాల వేదిక) నుంచి మెయిల్ వచ్చింది: ‘మీ ఖాతాను సమీక్షిస్తున్నాం, అంతవరకు చెల్లింపులు నిలిపివేస్తున్నాం.’ ఎందుకో లేదు, ఎప్పటిదాకానో లేదు. ల్యాంపులు కొన్నవాళ్ల ఇళ్లకు చేరుతూనే ఉన్నాయి, డబ్బు మాత్రం కదల్లేదు. సరుకు ఎక్కడ కొన్నారో బిల్లు చూపించమన్నారు. చూపిస్తే, అందులో దుకాణం పేరు సరిపోలలేదని తిప్పి పంపారు. సప్లయర్‌తో మళ్లీ రాయించుకుని పంపాను. సొమ్ము విడుదలయ్యేసరికి 26 రోజులు పట్టింది. కార్డు బిల్లు గడువు 18వ రోజునే వచ్చింది. ఆ వడ్డీతో ల్యాంపుల మీద మిగిలిందంతా పోయింది.

ఇందులో మార్కెట్‌ప్లేస్‌ను పూర్తిగా తప్పుపట్టను. వాళ్ల వైపు నుంచి చూస్తే నాలాంటి అమ్మకందారు అనుమానించదగ్గవాడే. అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి, సరుకు నా చేతిలో లేదు, పార్సిల్ ఇంకెవరో పంపుతున్నారు. డబ్బు తీసుకుని నేను మాయమైతే కొన్నవాళ్లకు వాపసు ఇవ్వాల్సింది వాళ్లే. పైగా దొంగ కార్డులతో జరిగే ఒక మోసం అచ్చం మా పనిలాగే కనబడుతుంది. మోసగాడు మార్కెట్‌ప్లేస్‌లో ఆర్డర్ తీసుకుంటాడు, మరెవరిదో దొంగిలించిన కార్డుతో వేరే దుకాణంలో అదే వస్తువు కొంటాడు, నేరుగా కొనుగోలుదారు ఇంటికి పంపిస్తాడు. ఒకే ఖాతా నుంచి రోజుకో కొత్త చిరునామాకు సరుకు పంపించేది వాడూ నేనూ ఇద్దరమే! కాబట్టి డబ్బు ఆపడం తప్పని నేననను. ఎన్ని రోజులు, ఏ కారణంగా ఆపుతారో మొదటి వస్తువు అమ్మకానికి పెట్టకముందే తెర మీద కనబడేలా చెప్పకపోవడం తప్పు. నిబంధనల్లో ఎక్కడో ఉంటుంది, నిజమే. ఎన్నో పేజీల లోపల ఉన్నదాన్ని చెప్పినట్టే అనుకోమంటే ఎలా?

అసలు చిక్కు గడువుల్లో ఉంది. అమెజాన్ చాలామంది అమ్మకందారులకు సరుకు చేరిన తేదీ నుంచి మరో 7 రోజులు సొమ్ము పట్టి ఉంచుతుంది. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ కొత్త అమ్మకందారుల డబ్బును 21 రోజుల దాకా ఆపగలదు. ఆ గడువు దాటి చేతికి వచ్చిందంటే మనదైపోయిందనుకుంటాం. కానీ కొన్నవాళ్లకు ఈబేలో సరుకు చేరాక 30 రోజులు, అమెజాన్ కొనుగోలుదారులకిచ్చే హామీ కింద సరుకు చేరాల్సిన చివరి తేదీ నుంచి 90 రోజులు ఫిర్యాదు చేసే వీలుంది. పేపాల్‌లో అది 180 రోజులు. ఇవన్నీ కాదని కార్డు బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్ (కట్టిన సొమ్మును బ్యాంకే అమ్మకందారు నుంచి వెనక్కి తెప్పించడం) అడగడానికి సాధారణంగా 120 రోజుల వరకు గడువు ఉంటుంది. అంటే ఇవాళ ఖాతాలో పడిన సొమ్ము నాలుగు నెలల తర్వాత కూడా వెనక్కి పోవచ్చు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అమ్మకాల స్క్రీన్‌షాట్‌ను ఆదాయంగా చూపించి కోర్సులు అమ్మేవాళ్లు ఈ తేదీల జోలికే పోరు.

చిన్న లెక్క. వందకు అమ్మితే సప్లయర్‌కు 70, మార్కెట్‌ప్లేస్ కమీషన్ 15, మిగిలేది 15 అనుకోండి. కమీషన్ వెనక్కి ఇచ్చినా సరే, ఒక్క రిఫండ్ పోయిందంటే ఆ 70 రాబట్టడానికి ఇంకో ఐదు వస్తువులు అమ్మాలి. సప్లయర్ దూరదేశంలో ఉంటే తిరిగి పంపే ఖర్చే సరుకు ధరను మించుతుంది కాబట్టి రిటర్న్ అయిన వస్తువు ఎక్కువగా మన ఇంట్లోనే మూలన పడుతుంది. అలా మిగిలిన మూడు ల్యాంపులు ఇప్పటికీ నా బల్ల కిందే ఉన్నాయి, ఒకదాని గాజు పగిలింది.

ఇంకో లెక్క, ఇది మరీ ముఖ్యం. సరుకు చేరడానికి 12 రోజులు, ఆ పైన 7 రోజులు ఆపుతారనుకుంటే, సప్లయర్‌కు కట్టిన 19 రోజులకు గానీ నా డబ్బు నాకు రాదు. రోజుకు మూడు ఆర్డర్లంటే ఎప్పుడు చూసినా 57 ఆర్డర్ల సరుకు ధర నేను మోస్తూ ఉండాలి. దీన్ని పెట్టుబడి అనక ఇంకేమంటారు? గోదాములో సరుకు రూపంలో కాకుండా దారిలో ఉన్న డబ్బు రూపంలో ఉంది, అంతే తేడా. క్రెడిట్ కార్డు గడువు ఉన్నంతకాలం అది మన కంటికి కనబడదు.

ఆ దెబ్బ తిన్నాక ఒక వస్తువు ఐదుకు మించి స్టాక్‌లో చూపించడం లేదు. డబ్బు రావడం మొదలయ్యాకే ఆ అంకె పెంచుతాను. కొత్త సప్లయర్ దగ్గర ముందు నా చిరునామాకే ఒకటి తెప్పించుకుంటాను. వాళ్లకు కార్డుతోనే కడతాను, సరుకు రాకపోతే నేనూ వివాదం ఎత్తగలను గనక. ‘లేబుల్ తయారైంది’ అన్న దగ్గరే ట్రాకింగ్ నాలుగు రోజులు ఆగితే, కొన్నవాళ్లు అడగకముందే నేనే రాస్తాను, కావాలంటే వాపసు ఇస్తాను. డబ్బు పోతుంది గానీ ఫిర్యాదుల సంఖ్య పెరగదు, ఖాతా ఆగదు. చిరునామా మార్చమని ఆర్డర్ బయట సందేశం పెడితే ఎంత బతిమాలినా మార్చను. మార్కెట్‌ప్లేస్ ఇచ్చే అమ్మకందారు రక్షణ ఆర్డర్‌లో ఉన్న చిరునామాకే వర్తిస్తుంది. ఇంకొక దుకాణంలో చిల్లరగా కొని నేరుగా కొనుగోలుదారుకు పంపించడాన్ని ఈబే, అమెజాన్ రెండూ నిషేధించాయి. ఇది తెలియక ఖాతా పోగొట్టుకున్నవాళ్లను చూశాను, ఆగిపోయిన సొమ్ముతో సహా.

మార్కెట్‌ప్లేస్‌లను అడిగేది ఒక్కటే. డబ్బు ఆపితే కారణం, విడుదల తేదీ, కావలసిన కాగితాల జాబితా, మూడూ ఆ మొదటి మెయిల్‌లోనే ఇవ్వాలి. మీ పత్రికను అడిగేది కూడా పెద్దదేం కాదు. ఈసారి ఇలాంటి కథనం వేసినప్పుడు ఎంత అమ్మారని మాత్రమే కాకుండా, ఆ డబ్బు ఎన్నో రోజున చేతికి వచ్చిందో, అందులో ఎంత వెనక్కి పోయిందో కూడా వాళ్లను అడిగి వేయండి.

ఇట్లు,
ఒక చిన్న ఆన్‌లైన్ అమ్మకందారు