ఆదివారం పియానో కచేరీకి తలో చెయ్యి వేసినవాళ్లకు

ఆదివారం సాయంత్రం హైదరాబాద్‌లో జరిగిన పియానో కచేరీ సవ్యంగా సాగిందంటే వేదిక మీద కనిపించని నలుగురైదుగురి పుణ్యమే. పేర్లు వద్దన్నారు కాబట్టి పనులు చెప్పి దండం పెడుతున్నాం.

మొదట ట్యూనర్ గారికి. అసలే వానాకాలం. పియానోలో తీగల నాదాన్ని పెంచే పలక, అంటే సౌండ్‌బోర్డు, చెక్కది. తేమ పీలిస్తే ఉబ్బి తీగల్ని పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది; ఆరితే దిగుతుంది. పైగా అన్నిచోట్లా ఒకేలా మారదు. మధ్య స్థాయిలో ఎక్కువ మారి, తీగలకు తీగలకే పొసగదు. పొద్దున ఉక్కలో శ్రుతి చేయించి, జనం వచ్చే వేళకు ఏసీ వేస్తే పెట్టిన ఖర్చంతా నీళ్లపాలే. అందుకే ఆయన షరతు ఒక్కటే: ముందు రోజు సాయంత్రం నుంచి ఏసీ ఆగకూడదు. రాత్రి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ లేచి మళ్లీ ఏసీ వేసిన వాచ్‌మన్ గారికి రెండో దండం. తెల్లారేసరికి తేమ 70 శాతం నుంచి 52కు దిగింది.

మధ్య స్థాయిలో ఒక్కో స్వరానికి మూడు తీగలుంటాయి. ట్యూనర్ గారు ఫెల్టు పట్టీ దూర్చి పక్క తీగల నోరు మూసి, నడిమి తీగలనే ముందు సరిచేశారు. ‘ఏ’ 440 (సెకనుకు 440 కంపనాల ‘ఏ’ స్వరం) దగ్గర మొదలుపెట్టి ఒక ఆక్టేవ్ (సప్తకం) కుదిర్చి, అక్కడి నుంచి పైకీ కిందికీ వెళ్లారు. తర్వాత పక్క తీగల్ని ఒక్కొక్కటిగా కలిపారు. కలవనప్పుడు ‘వవ్వవ్వవ్’ అని అల వినిపిస్తుంది. కలిసేకొద్దీ నిదానించి, చివరికి ఆగిపోతుంది. అంతటితో వదలకుండా ప్రతి మెట్టునూ నాలుగైదుసార్లు గట్టిగా కొట్టి చూశారు. తీగ చుట్టిన పిన్నులో మెలిక మిగిలిపోతే బేథోవెన్ ‘మూన్‌లైట్’ సొనాటా మూడో భాగం దెబ్బలకు తీగ జారిపోవడం ఖాయం.

గాంధారం కాస్త ఎక్కువగా ఉందేమని వీణ వాయించేవారొకరు అడిగారు. ఆ చెవికి జోహార్లు! ఆక్టేవ్‌ను 12 సమాన భాగాలు చేయడం వల్ల పియానో అంతర గాంధారం తంబురలో పలికే గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు పైన ఉంటుంది. సెంటంటే అరస్వరంలో నూరో వంతు. ఆ మాత్రం సర్దుకుంటేనే బాక్ ఎఫ్ మేజర్ ఇటాలియన్ కన్చెర్టో, షోపాన్ డి ఫ్లాట్ మేజర్ నాక్టర్న్ ఒకే పియానో మీద ఒకే పూట కుదురుతాయి.

విరామంలో పెడల్ కిర్రుమన్న సంగతి చాలామందికి తెలియదు. నూనె చుక్క వేద్దామన్నవారిని చెయ్యి పట్టుకు ఆపినావిడకు ప్రత్యేకంగా థ్యాంక్స్. నూనె తగిలితే ఫెల్టు, తోలు పాడై దుమ్ము పడతాయి. పెడల్ కడ్డీ ఒరుసుకునే చోట చిటికెడు టాల్కం పౌడర్ అద్దారు, నోరు మూసుకుంది. లేకపోతే నాక్టర్న్‌లో ప్రతి పట్టుకూ కిర్రు వినాల్సి వచ్చేది.

పేజీలు తిప్పిన అమ్మాయి ఎడమ పక్కన కాస్త వెనగ్గా కూర్చుంది. చివరి వరుస సగానికి రాగానే లేచి, ఎడమ చేత్తో పై మూల పట్టుకుని తిప్పింది. కింది మూల పట్టుకుంటే చెయ్యి నోటేషన్‌కు అడ్డం వస్తుంది. ఏసీ గాలికి కాగితాలు లేవకుండా బట్టల క్లిప్పులు తెచ్చింది కూడా తనే.

కార్యక్రమ పత్రం తెలుగులో రాసిచ్చిన మాస్టారికి రుణపడ్డాం. ‘మూన్‌లైట్’ మొదటి భాగం అవగానే ఆగకుండా రెండోది అందుకోమని బేథోవెన్ రాశాడు, అక్కడ చప్పట్లు వద్దని ఆయన ఒక్క వాక్యంలో చెప్పారు. హాలంతా ఊపిరి బిగబట్టింది.

ఇక వాయించినవారికి. ఆ మొదటి భాగమంతా తీగల మోత ఆపే ఫెల్టులు ఎత్తి ఉంచి (ఇప్పుడు పెడల్ తొక్కితే జరిగేది అదే) వాయించమని 1801 నాటి రచనలో ఉంది. అప్పటి పియానోలో నాదం త్వరగా ఆరిపోయేది కాబట్టి అది చెల్లింది. ఇప్పటి పియానోలో అలాగే చేస్తే అంతా కలగాపులగమే. ఆయన పెడల్‌ను సగమే తొక్కి, బాస్ (కింది స్వరం) మారినచోటల్లా మార్చుకుంటూ పోయారు. రెండు వరుసల మెట్లున్న హార్ప్‌సికార్డ్ (పియానో కంటే పాత మెట్ల వాద్యం) కోసం 1735లో అచ్చయిన బాక్ రచనకేమో పెడల్ దాదాపు ముట్టలేదు, హెచ్చుతగ్గులన్నీ వేళ్లతోనే.

తేమ కొలిచే మీటరు ఒకటి పియానో బెంచీ కింద దొరికింది. ఎవరిదో చెబితే పంపిస్తాం.