డివిడెండ్ శాతాల్లో కాదు, రూపాయల్లో రాయండి

సంపాదకుల వారికి,

బిజినెస్ పేజీలో ‘500 శాతం డివిడెండ్’ అని శీర్షిక పడితే, శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ టీ కొట్ల దగ్గర ఆ రోజంతా అదే మాట. డివిడెండ్ అంటే కంపెనీ వాటాదారులకు పంచే లాభం. ఆ శాతం లెక్క షేరు ముఖ విలువ (మార్కెట్ ధర కాదు, షేరుకు కంపెనీ పెట్టిన అసలు విలువ) మీద. ముఖ విలువ 1 రూపాయి అయితే చేతికొచ్చేది 5 రూపాయలే. మార్కెట్లో ఆ షేరు వెయ్యి పలుకుతుంటే రాబడి అర శాతం. బ్యాంకు సేవింగ్స్ వడ్డీ అంతకన్నా నయం. షేరుకు ఎన్ని రూపాయలో, రికార్డు తేదీ (డివిడెండ్ ఎవరికివ్వాలో తేల్చే తేదీ) ఎప్పుడో శీర్షిక కిందే వేయండి. రికార్డు తేదీకి కనీసం ఒక పనిదినం ముందు కొనకపోతే డివిడెండ్ రాదు. ముందే కొన్నా, ఆ తేదీన షేరు ధర సుమారుగా అంత మేరకూ దిగుతుంది.

‘ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) దిగిపోతున్నాడు, ఇక డివిడెండ్ పెంచేస్తారు’ అని వాట్సాప్‌లో తిరిగే జోస్యాలు ఇంకా ప్రమాదం. ఉద్దానంలో జీడి అమ్మిన డబ్బు అలాంటి మాట మీద పెట్టకూడదు. సగం సంగతి కాగితాల్లోనే దొరుకుతుంది. కంపెనీల చట్టం 196వ సెక్షన్ ప్రకారం ఎండీని ఒక విడతకు 5 ఏళ్లకు మించి నియమించరాదు. గడువు చివరి ఏడాదిలో తప్ప పునర్నియామకం కుదరదు. ఆ ఏడాది ఏజీఎం (వాటాదారుల వార్షిక సభ), పోస్టల్ బ్యాలెట్ (సభ లేకుండా వాటాదారుల ఓటు) నోటీసులు చూడాలి. గడువు దగ్గరపడినా పునర్నియామక తీర్మానం రాలేదంటే అప్పుడు మార్పును అనుమానించవచ్చు. ప్రమోటరే (కంపెనీని తన పట్టులో ఉంచుకున్న యజమానే) ఎండీ అయిన చోట ఈ లెక్క అంతగా పనిచేయదు. నన్నడిగితే, ఫలితాల ముందు సీఎఫ్ఓ (ఆర్థిక వ్యవహారాల అధిపతి) రాజీనామా చేయడం అంతకన్నా గట్టి హెచ్చరిక.

డివిడెండ్‌కూ అంతే. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు తమ డివిడెండ్ విధానాన్ని వెబ్‌సైట్లో పెట్టాలన్నది స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. అందులో ఏ పరిస్థితుల్లో డివిడెండ్ ఆశించకూడదో చెప్పే భాగం ముందు చదవాలి. ఎదిగే కంపెనీ కొత్త ప్లాంటు కడుతుంటే, లాభం ఎంత చూపినా నగదు అక్కడికే పోతుంది. వ్యాపారంలో వచ్చిన నగదులోంచి ప్లాంటు ఖర్చు తీసేశాక ఏమీ మిగలకపోయినా డివిడెండ్ ఇస్తున్నారంటే, అది దాచిన డబ్బో, అప్పో అన్నమాట. ఎండీ మారినంత మాత్రాన విధానం మారదు. బోర్డు మార్చాలి, కారణం వార్షిక నివేదికలో రాయాలి. ఫేస్‌బుక్ నడిపే మెటా 2024లో తొలి డివిడెండ్ ఇచ్చింది. అధిపతి మాత్రం మొదటి నుంచీ జుకర్‌బర్గే.

ఫలితాల సీజన్లో కంపెనీ పేరు, షేరుకు రూపాయలు, రికార్డు తేదీ, ఎండీ పదవీకాలం ముగిసే తేదీ, ఈ నాలుగు గళ్ల పట్టిక వారానికొకసారి వేయమని మనవి.

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం