కాలవ కట్టేముందు చేలో పంట చూడరా?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి పాత కంప్యూటర్లు మార్చేసుకోండి అని మీ పేపర్లో సలహా వేశారు, మంచిదే, కానీ ఎంతసేపూ మార్చుకోవాల్సింది మేమేనా, గడువు పెట్టిన మైక్రోసాఫ్ట్ వాళ్ళని అడిగేవాళ్ళు లేరా అని నా బాధ. మాది అమలాపురం దగ్గర డీటీపీ, జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు.

విండోస్ 10 వచ్చింది 2015 జులైలో, ఆపేసింది 2025 అక్టోబరు 14న. పదేళ్ళు ఇచ్చాం కదా అంటారు. ఆ పదేళ్ళు వాళ్ళు రిలీజ్ చేసిన రోజు నుంచండీ, మనం కొన్న రోజు నుంచి కాదు! 2019లో సిస్టమ్ కొన్నోడికి దక్కింది ఆరేళ్ళే. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాల్సిందే అని గేటు పెట్టారు, ఏడో జనరేషన్ ఐ5 నిక్షేపంలా పనిచేస్తున్నా సరే పనికిరాదంట. విచిత్రం ఏంటంటే మైక్రోసాఫ్ట్ తనే అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్నదీ ఏడో జనరేషన్ చిప్పే, దానికి మాత్రం ఓకే చెప్పేశారు.

సపోర్ట్ పోయినా కంప్యూటర్ ఆగిపోదు, రోజూలాగే ఆన్ అవుద్ది, ఆగేది దొంగలు దూరే కన్నాలు మూసే సెక్యూరిటీ ప్యాచ్‌లే, అసలు చిక్కు అక్కడే. మాలాంటి ఏ షాపులోనైనా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఓసారి తెరిచి చూడండి, ఊళ్ళో సగం మంది ఆధార్ స్కాన్లు, పొలం వన్‌బీ కాగితాలు, పాస్‌బుక్కు మొదటి పేజీలు, పిల్లల టెన్త్ మార్కుల లిస్టులు అన్నీ అందులోనే పడుంటాయి. కన్నం మూయని సిస్టమ్‌లోకి ఎవడైనా దూరితే పోయేది నా ఒక్కడి సొమ్ము కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ అనే మాటే వినని రైతుది, పెన్షన్ మామ్మది. వాళ్ళేం సంతకం పెట్టారని వాళ్ళకీ శిక్ష?

2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అప్పటికి పాత విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆపేసి మూడేళ్ళు, అయినా గోల పెద్దదయ్యేసరికి ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ వదిలారు. అంటే చెయ్యలేక కాదన్నమాట. ఇప్పుడైనా అంతే, విండోస్ 10లోనే మిషన్లలో వాడే ఐఓటీ ఎల్‌టీఎస్‌సీ అనే రకానికి 2032 జనవరి దాకా ప్యాచ్‌లు ఇస్తారు, వంట ఎలాగూ చేస్తున్నారు, మనకి వడ్డించరు అంతే. మామూలోళ్ళకి 2026 అక్టోబరు దాకా ఒక్క ఏడాది పొడిగించారు, దానికి 30 డాలర్లు కట్టాలి, లేదా వాళ్ళ అకౌంట్‌తో లాగిన్ అయ్యి సెట్టింగ్స్ వాళ్ళ దగ్గర దాచుకోవాలి, యూరప్ వాళ్ళకైతే ఆ డబ్బులూ లేవు ఆ బ్యాకప్ షరతూ లేదు. యూరప్ వాడికో రూలు, రావులపాలెం వాడికో రూలా అండీ!

ఇంజినీర్లకి జీతాలు ఇవ్వాలి, ఊరికే ఎన్నాళ్ళు చేస్తారు, ఒప్పుకుంటా. కొత్త సోకులేవీ అడగట్లేదు, సెక్యూరిటీ ప్యాచ్ ఒక్కటి చాలు. మా డెల్టాలో ఏటా కాలవలు కట్టేస్తారు, అంటే నీళ్ళు ఆపేస్తారు, అక్కర్లేదని ఎవరూ అనరు, రిపేర్లు ఉంటాయి మరి. కానీ దాళ్వా (రెండో పంట) చేలు ఇంకా పాలు పోసుకునే దశలో ఉంటే రైతులు అడుగుతారు, తేదీ జరుపుతారు, వంతులేసైనా తడి అందిస్తారు. ఇక్కడ అడగడానికి లాకుల దగ్గర మనిషే లేడు.

విండోస్ బదులు ఊరికే దొరికే లైనక్స్ వేసుకోవచ్చుగా అంటారు కుర్రోళ్ళు. కేరళ స్కూళ్ళలో ఏళ్ళ తరబడి అదే నడుస్తుంది, కాదనను. నా పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు అన్నీ విండోస్‌లో నడిచే పేజ్‌మేకర్ అనే డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో ఉన్నాయి, అవన్నీ లైనక్స్‌లోకి ఎవరు మారుస్తారు, ఆ కుర్రోడు వస్తాడా?

యూరప్‌లో 2025 జూన్ నుంచి ఫోన్లకి రూల్ వచ్చింది, ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఐదేళ్ళ పాటు అప్‌డేట్లు ఇవ్వాలని. కంప్యూటర్లకీ లెక్క అలాగే, చివరి పీసు అమ్మిన రోజు నుంచి మొదలుపెట్టాలి, సపోర్ట్ ఏ తేదీ దాకానో బిల్లు మీద వెయ్యాలి. మన ప్రభుత్వం స్కూళ్ళకీ సచివాలయాలకీ వందల్లో సిస్టమ్‌లు కొంటుంది కదా, ముందు ఆ టెండర్లలో ఈ షరతు రాయించమనండి, పెద్ద కొనుగోలుదారు అడిగితే కంపెనీలు వింటాయి.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు ఓనరు,
అమలాపురం