పది ఆటలు, ఒక్క పాయింటు: చందాదారులకు మా సంజాయిషీ

మా ఫుట్‌బాల్ మాసపత్రిక చందాదారులకు నమస్కారం.

2008లో సెర్బియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకొని, 2016 మే నెలలో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన యూఈఎఫ్ఏలోను, ప్రపంచ సమాఖ్య అయిన ఫిఫాలోను సభ్యత్వం పొందిన కొసోవో తొలిసారి ప్రపంచకప్పు అర్హత పోటీలు ఆడబోతున్నదని, ఆ పది ఆటల కథనూ వరుసగా మీకు అందిస్తామని చెప్పి నిరుడు చందాలు వసూలు చేశాము. మొన్న 2017 అక్టోబరు 9న ఆఖరి ఆట ముగిసింది. ఒక డ్రా, తొమ్మిది ఓటములు; వేసిన గోల్స్ 3, వేయించుకున్నవి 24. ఆనాటి ప్రకటనలో “సంచలనాలకు సిద్ధంకండి” అని అచ్చువేయించినది నేనే కనుక, ఆ మాటకు బాధ్యత కూడా నాదే.

ఈ ఏడాది 41 మంది చందా మానుకున్నారు. మన భారత ప్రభుత్వమే గుర్తించని దేశానికి ఇన్ని పేజీలెందుకని వారిలో ఒకరు ఉత్తరం రాశారు. న్యాయమైన ప్రశ్నే. ఐక్యరాజ్యసమితిలో చోటు లేని ఆ దేశం యూఈఎఫ్ఏలో సైతం 28–24 ఓట్లతో గట్టెక్కింది. అంత పెనుగులాడి మైదానంలోకి వచ్చినవారు ఎలా ఆడతారో చూడాలన్నదే నా ఆసక్తి.

టుర్కులో ఫిన్లండ్‌తో జరిగిన మొదటి ఆటనే తీసుకోండి. అంతకుముందు అల్బేనియాకో నార్వేకో ఆడిన ఆరుగురికి కొసోవో తరఫున ఆడేందుకు ఫిఫా అనుమతి వచ్చింది ఆటకు కొన్ని గంటల ముందే. అది ఇంకొక్క పూట ఆలస్యమై ఉంటే, 60వ నిమిషంలో పెనాల్టీని గోలుగా మలచి స్కోరు 1–1 చేసిన వాలోన్ బెరిషా ఆనాడు మైదానంలో అడుగే పెట్టలేకపోయేవాడు. మొత్తం మీద దక్కిన ఆ ఒక్క పాయింటు ఆయన కాలి చలవే.

సొంతగడ్డ ఆటలు కొసోవో రాజధాని ప్రిష్టినాలో జరుగుతాయని మేము రాసినది పొరపాటు. అక్కడి స్టేడియం సిద్ధంగా లేనందున అవన్నీ పొరుగుదేశమైన అల్బేనియాలోని ష్కోడర్‌లో జరిగాయి. క్రొయేషియా చేతిలో 6–0 పరాభవమూ అక్కడే.

ఇంతకన్నా పెద్ద తప్పు సెప్టెంబరు సంచికలోనిది. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో ఆ జట్టుతో ఆడుతుండగా కుండపోత వానకు 22వ నిమిషంలో ఆట నిలిచిపోగా, ప్రెస్సువారి తొందర కొంత, నా నిద్రమత్తు కొంత కలిసి, “ఆట రద్దు” అని శీర్షిక పెట్టి పంపేశాను. మర్నాడే మిగిలిన ఆట ఆడించారు. విడా గోలుతో క్రొయేషియా 1–0తో గెలిచింది. అప్పటికే కాపీలు కట్టలు కట్టి ఉన్నాయి. నేనూ మా తమ్ముడూ తెల్లవార్లూ కూర్చొని ఒక్కొక్క కట్ట విప్పి, ఆ శీర్షిక మీద ఎర్ర సిరాతో “సవరణ: 1–0” అని రబ్బరు స్టాంపు వేశాము. కొన్నింటిపై అది వంకరగా పడి, పక్కనున్న ఫొటోలో గోల్‌కీపరు ముఖాన్ని కప్పేసింది.

ఆఖరి ఆటలో కొసోవోను 2–0తో ఓడించిన ఐస్‌లాండ్ ఆ రాత్రే తొలిసారి ప్రపంచకప్పుకు అర్హత సాధించింది. ఆ కథ నవంబరు సంచికలో వస్తుంది.

అందరి చందా గడువూ రెండు నెలలు పొడిగించాము. వద్దనుకొనేవారు నవంబరు 15లోగా తెలియజేస్తే మిగిలిన సొమ్ము తిరిగి ఇస్తాము. ఎర్ర స్టాంపు పడని సెప్టెంబరు కాపీ ఎవరికైనా చేరి ఉంటే దయచేసి వెనక్కి పంపండి. తపాలా ఖర్చు మాదే.