శనివారం ‘ఫొటో పీరియడ్’ గురించి విద్యాశాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ఇది నా నాలుగో విన్నపం. మొదటి మూడూ అర్జీలు. సోమవారం పొద్దున్నే బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లి, టోకెన్ తీసుకుని, వరసలో కూర్చుని ఇచ్చినవి. మూడింటికీ నా సెల్లుకి మెసేజీ వచ్చింది, ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని. ఏం పరిష్కరించారో అందులో లేదు. పోనీ బడికెళ్లి చూద్దామని వెళ్లాను. అక్కడా లేదు. అందుకని ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పైతే మన్నించండి.

నేను ముప్పై నాలుగేళ్లు సెకండరీ గ్రేడ్ టీచరుగా (ఎస్‌జీటీ, అంటే ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే టీచరు) పనిచేసి రిటైరైన వాణ్ణి. విజయనగరం జిల్లాలో ఒక చిన్న పల్లె మాది. మా మనవరాలు ఊళ్లోని సర్కారు బడిలోనే మూడో తరగతి. వ్యానెక్కించి టౌనుకి పంపమని కోడలు పోరుతుంటే, నేను పట్టుబట్టి ఇక్కడ చేర్పించాను. ఆ పట్టుదలకు ఇప్పుడు ఇంట్లో రోజూ జవాబు చెప్పుకుంటున్నాను.

విషయానికొస్తాను. మొన్న శనివారం పిల్ల బడినుంచి చేతులూపుకుంటూ వచ్చింది. ప్రతి శనివారం బ్యాగు వద్దన్నారు కదా, ఆ ఆజ్ఞ మా ఊళ్లో తూచా తప్పకుండా అమలవుతోంది. “ఇవాళ ఏం చేశారే?” అన్నాను. “ఫొటో చేశాం తాతా” అంది. దిగాం అనలేదు, గమనించండి. చేశాం అంది. మట్టితో ఎద్దుబొమ్మ చేశాం అన్నట్టే అంది.

ఆరా తీస్తే తెలిసింది. ఆ వారం కృత్యం ‘స్థానిక వృత్తులవారిని కలవడం’. మా ఊళ్లో కుమ్మరి వీధి ఇంకా ఉంది, చక్రం తిప్పేవాళ్లు ఇద్దరు మిగిలారు. బడికీ ఆ వీధికీ మధ్య తారురోడ్డు, దానిమీద ఇసుక లారీలు. ఉన్నది ఒక్క టీచరమ్మ. పిల్లలు పంతొమ్మిది మంది. అందులో ముగ్గురు ఒకటో తరగతి, చెయ్యి వదిలితే ఎటు ఉరుకుతారో తెలీని వయసు. ఆవిడ చేసిందే నేనూ చేసేవాణ్ణి. కుమ్మరాయన్నే బడి గేటు దగ్గరికి రమ్మంది. ఆయన చేతిలో ఒక కుండ, చుట్టూ పిల్లలు, సెల్లు ఒకసారి క్లిక్. ఆయన కుండ పట్టుకుని వెళ్లిపోయాడు. చక్రం ఎవరూ చూడలేదు, మట్టి ఎవరూ ముట్టుకోలేదు. ఫొటో మాత్రం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. పైవాళ్లెవరో దానికి బొటనవేలి గుర్తు కూడా పెట్టారట. మా కాలంలో వేలిముద్ర వేసేవాళ్లకు చదువు చెప్పమనేవారు. ఇప్పుడు బొటనవేలు పడితే చదువు అయిపోయినట్టు లెక్క.

ఆవిణ్ణి నేను తప్పుపట్టడం లేదు. ఆవిడ వారం ఎలా గడుస్తుందో ఆ వరండాలో కూర్చుని చూసినవాణ్ణి. ఒకటిలో ముగ్గురు, రెండులో ఐదుగురు, మూడులో నలుగురు, నాలుగులో ముగ్గురు, ఐదులో నలుగురు. ఒకటే గదిలో అయిదు తరగతులు. ఆట, పాట, భోజనం పోగా రోజుకి ఐదు గంటల చదువు అనుకుందాం. తరగతికి గంట. ఆ గంటలో తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, మూడు నుంచి పరిసరాల విజ్ఞానం కూడా. అంటే మా మనవరాలికి సబ్జెక్టుకి పావుగంట. ఈ పావుగంటలో హాజరు యాప్ తెరుచుకోవాలి, భోజనం లెక్క పడాలి, గుడ్లెన్ని, చిక్కీలెన్ని, రాగిజావ ఎంతమంది తాగారు అన్నీ పడాలి. మా ఊళ్లో సిగ్నల్ వేపచెట్టు కిందే అందుతుంది. టీచరమ్మ ఆ చెట్టు కింద సెల్లు పైకెత్తి నిలబడి ఉంటే పిల్లలు మూడో ఎక్కం వాళ్లలో వాళ్లే అప్పజెప్పుకుంటూ ఉంటారు. సోమవారం ఇంతే, మంగళవారం ఇంతే. బుధవారం నాడు బిల్లులకో పుస్తకాల లెక్కకో మండలానికి పిలుపు వస్తుంది. ఆ రోజు సీఆర్‌పీ (చుట్టుపక్కల బడులకు సాయంగా తిరిగే ఉద్యోగి) వస్తే వచ్చినట్టు, లేదంటే వంటమ్మే హెడ్‌మాస్టరు. నెలలో ఒక శనివారం మధ్యాహ్నం చుట్టుపక్కల బడుల టీచర్లందరికీ కాంప్లెక్స్ మీటింగు. దాంట్లో చెప్పేదేమిటో తెలుసా? కృత్యాలు బాగా చేయించండి అని.

మరుగుదొడ్లకు ఫొటోలు తీసే పని టీచర్ల నెత్తినుంచి దించారు. అందుకు మీకు రెండు చేతులా దండం పెడతాను, ఎగతాళి కాదు. కానీ అక్కడ మిగిలిన ఫొటోలన్నీ ఇప్పుడు శనివారానికి చేరాయి.

పిల్లలకు కృత్యాలు ఎందుకు అనే మనిషిని కాను నేను. మీకు గుర్తుండే వయసు కాదేమో. 1984లో బ్రిటిష్ సర్కారు సొమ్ముతో మన దగ్గర ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) అని ఒకటి మొదలైంది. తర్వాత రాష్ట్రమంతా పాకింది. దాని ఆరు సూత్రాలు ఇప్పటికీ నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. పిల్లలు చేసి నేర్చుకోవాలి, కనుక్కుని నేర్చుకోవాలి. ఒక్కరుగా, గుంపుగా, తరగతి మొత్తంగా పనిచేయాలి. చుట్టూ ఉన్న పరిసరాల్నే వాడాలి. చేసింది గోడమీద కనబడాలి. మొదట్లో మేమూ నవ్వుకున్నాం. పిల్లలు పేపర్లు కత్తిరిస్తే చదువొస్తుందా అని. తర్వాత అలవాటు పడ్డాం.

మా బడిలో అప్పుడు ఇద్దరం. పక్కూళ్లో లక్ష్మివారం సంత. శుక్రవారం పిల్లలు ఇంట్లో అడిగి ధరలు రాసుకొచ్చేవారు. శనివారం మధ్యాహ్నం వసారాలో సంత పెట్టేవాళ్లం. చింతపిక్కలే రూపాయలు. ఒకటోవాడు లెక్కపెట్టి ఇస్తాడు, మూడోవాడు చిల్లర తిప్పిస్తాడు, కిలో ఇంతైతే ముప్పావు ఎంతో ఐదోవాడు చెప్పాలి. బేరం ఆడాలంటే మాట కావాలి, బోర్డు రాయాలంటే అక్షరం కావాలి. ఒకసారి ఒక పిల్లాడు వంకాయలు అప్పిచ్చి వడ్డీ వేశాడు. వాళ్ల నాన్న వడ్డీలిచ్చేవాడు కాదు, కట్టేవాడు. ఆ చివరి పీరియడ్లో బాలసభ. వేమన పద్యాలు, పొడుపుకథలు, ఎవరికి ఏది వస్తే అది. ఒక్క ఫొటో లేదు మా దగ్గర. ఆ వడ్డీ పిల్లాడు ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు. అది నా గొప్ప కాదు, వాడి గొప్ప. కానీ ఆ సంత జరగాలంటే ఇద్దరు టీచర్లు కావాలి. ఒకరు దుకాణాల దగ్గరుంటే ఒకరు చిన్నవాళ్లని చూసుకోవాలి. నేను ఒంటరిగా ఉన్న రెండేళ్లూ ఆ సంత ఒక్కసారి కూడా పెట్టలేకపోయాను.

ఇద్దరు అనే మాట కొత్తగా నేను అడుగుతున్నది కాదు. 1987లో కేంద్రం ఆపరేషన్ బ్లాక్ బోర్డ్ అనే పథకం పెట్టినప్పుడు చెప్పిందే అది. ఎంత చిన్న బడికైనా రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వీలైతే అందులో ఒకరు మహిళ. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో అరవై మంది వరకు ఇద్దరు టీచర్లని రాసి ఉంది. ఇరవైకి తగ్గితే ఒకరు చాలని అందులో నాకెక్కడా కనపడలేదు, కళ్లజోడు పెట్టుకునే చదివాను. అదే చట్టం 29వ సెక్షన్ పిల్లలు కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలంటుంది. 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధించని పనికి టీచర్ని పంపొద్దంటుంది. చిక్కీల లెక్క ఈ మూడింట్లో ఎందులోకొస్తుందో మీ అధికారులే చెప్పాలి. విపత్తులోకి వస్తుందంటే ఒప్పుకుంటాను.

2022లో 117 జీవో వచ్చి మా బడిలోంచి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూలుకి తీసుకుపోయింది. వాళ్లతోపాటు రెండో టీచరూ వెళ్లారు. 2025లో ఆ జీవోని మీరు తీసేశారు, పిల్లలు తిరిగొచ్చారు. ఊరంతా సంబరపడింది. టీచరు రాలేదు. అడిగితే లెక్క ప్రకారం మీకు ఒక్కరే అన్నారు. మోడల్ ప్రైమరీ స్కూలుకైతే తరగతికో టీచరట, సంతోషం. మాది బేసిక్ ప్రైమరీ. పేరులోనే ఉంది, బేసిక్కుగానే బతకమని.

పోనీ ఒక్కరే ఉంటారు, అంతే, అంటారా? దానికీ దారి మన రాష్ట్రంలోనే ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి బడులే నడిపారు. ఒక టీచరు, అన్ని తరగతులూ ఒకే గది. ప్రతి పిల్లకీ ఒక మెట్లవరస, మెట్టుకో కార్డు. పిల్ల తన కార్డు తనే తీసుకుంటుంది, తన మెట్టు తనే ఎక్కుతుంది. తమిళనాడు వాళ్లు చూసి వెళ్లి తమ సర్కారు బడుల్లో పెట్టుకున్నారు. మన దగ్గరా స్నేహబాల కార్డులని కొన్నాళ్లు నడిచాయి. మా పాత బీరువాలో ఇప్పటికీ ఒక కట్ట ఉంది, చెదలు పట్టగా మిగిలింది. ఆ కార్డులతో ఒక్క టీచరైనా వారమంతా నెట్టుకురావచ్చు. కానీ ఆ పద్ధతిలో టీచరు పిల్లల మధ్య నేలమీద కూర్చోవాలి. వేపచెట్టు కింద సెల్లు పట్టుకుని నిలబడితే కుదరదు.

ఇంకొకటి, చిన్నదే. గోడలకు కొత్త రంగులు వేశారు, బాగున్నాయి. పిల్లల బొమ్మలు అంటిస్తే రంగు ఊడుతుందని, అంటించొద్దన్నారట. మా మనవరాలు గీసిన పిచ్చుక అందుకే మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది.

అయ్యా, నేను అడిగేది పెద్దదేం కాదు. రెండో టీచరు. అది ఇవ్వలేకపోతే ఆ కార్డులూ, నాలుగు రోజుల శిక్షణా. అదీ కాదంటే శనివారం ఫొటో అడగడం మానేయండి. ఏం చేయించాలో ఆవిణ్ణే అనుకోనివ్వండి. ఒక పాట పాడించినా చాలు, గ్రూపులో పెట్టక్కర్లేదని చెప్పండి. అయినా మొదటిదే ఇవ్వండి. రెండో టీచర్నే ఇవ్వండి.

వీలుంటే ఏదైనా శనివారం మా బడికి రండి. ముందు చెప్పకుండా రండి. చెప్పి వస్తే ముగ్గులు వేస్తారు, పక్క బడి టీచర్లని సర్దుబాటు మీద తెచ్చి కూర్చోబెడతారు, ఆ రోజు మాత్రం కుమ్మరి చక్రం కూడా బడిలోనే తిరుగుతుంది. మీరు నమ్మేస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎస్‌జీటీ, మూడో తరగతి పిల్ల తాత

తా.క. ఈ ఉత్తరం సంగతి టీచరమ్మకు తెలీదు. నాకివేవీ ఆవిడ చెప్పినవి కావు, వరండాలో కూర్చుని నేను చూసినవి. దయచేసి ఆవిడకు మెమో ఇవ్వకండి. జవాబు రాయాలంటే మళ్లీ బుధవారం మండలానికి వెళ్లాలి.