మూసీ వరద రోజు నగరమంతటిదీ కావాలి

సంపాదకులకు,

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కింద ఏటా సెప్టెంబర్ 28న 1908 నాటి మూసీ వరద మృతులకు నివాళి అర్పిస్తున్నారు. ఫోరం ఫర్ ఎ బెటర్ హైదరాబాద్ వాళ్లు, చరిత్ర మీద మమకారమున్న మరికొందరు ఓపిగ్గా నడిపిస్తున్న కార్యక్రమం ఇది. వాళ్లకు దండం పెట్టాలి. కానీ ఇంత పెద్ద నగరం తన అతి పెద్ద విషాదాన్ని గుర్తుచేసుకునే పనిని ఆ కొద్దిమందికే వదిలేయడం నాకు బాధగా ఉంది.

నేను చాదర్‌ఘాట్ దగ్గర ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. మా పిల్లల్లో చాలామంది మూసానగర్, కమల్‌నగర్ బస్తీల వాళ్లు. ఇంటి గుమ్మం దిగితే మూసీయే. ఆనాడు ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగి, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. కోల్సావాడి మునిగింది, అప్పటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. చనిపోయినవాళ్లు సుమారు 15 వేలంటారు. ఆ చింతచెట్టు ఎక్కినవాళ్లు మాత్రం 150 మంది దాకా బతికి బయటపడ్డారు. తర్వాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహాతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఈ రెండూ తాగునీళ్ల కోసమే కట్టారని మా స్టాఫ్‌రూమ్‌లో కూడా చాలామంది అనుకుంటారు. అసలు మొదటి ఉద్దేశం వరదను ఆపడం.

పిల్లల్ని ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లాను. రోగుల బంధువులు కింద టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి తలెత్తి కొమ్మల వంక చాలాసేపు చూసి, "వాళ్లకు ముందుగా ఎవరూ చెప్పలేదా టీచర్?" అని అడిగింది. ఊరికే అడిగిన ప్రశ్న కాదది. 2025 సెప్టెంబర్ 26 రాత్రి జలాశయాల గేట్లెత్తాక మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్)లోకి నీళ్లొచ్చాయి, ప్రయాణికులు చిక్కుకుపోయారు. అదే రాత్రి ఈ అమ్మాయి ఇంట్లోకీ వచ్చాయి. పక్కింటివాళ్లు కేకలేస్తే లేచారట. వాళ్లమ్మ ఆధార్ కార్డులు, గ్యాస్ సిలిండర్ పట్టుకుని బయటపడింది. పుస్తకాలు ఉండిపోయాయి. దసరా సెలవుల తర్వాత తాడు మీద ఆరేసిన నోటుబుక్కులు తెచ్చి చూపించింది. సిరా అంతా పాకిపోయి, నేను పెట్టిన ఎర్ర టిక్కులు కూడా గుర్తుపట్టేలా లేవు.

వరద వార్షికోత్సవానికి సరిగ్గా రెండు రోజుల ముందు జరిగిందిది. అందుకే అడుగుతున్నాను, పూలు చల్లడంతో ఆగిపోతే ఎలా? జపాన్‌లో 1923 భూకంపం వచ్చిన సెప్టెంబర్ 1న దేశమంతా విపత్తు రిహార్సల్స్ చేస్తారు, బడిపిల్లలు కూడా. మనమూ సెప్టెంబర్ 28న మూసీ ఒడ్డు బస్తీలన్నిటిలో సైరన్ మోగించి చూడాలి. ఏ బడిలో పునరావాసం ఇస్తారో, ఏ సందు గుండా వెళ్లాలో నడిపించి చూపించాలి. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్, ఎంజీబీఎస్ గోడల మీద ఏ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీతలు గీయాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ తేదీ దసరా సెలవుల్లో పడితే సెలవులకు ముందు ఆఖరి పనిదినాన పెట్టుకోవచ్చు.

ఈసారి మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని వెంటబెట్టుకుని నేను వస్తాను. గేట్లెత్తే నిర్ణయం తీసుకునే అధికారి ఒక్కరైనా ఆ చెట్టు కిందికి రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. హిమాయత్‌సాగర్‌లో గేటెత్తితే ఎన్ని గంటలకు నీళ్లు చాదర్‌ఘాట్ చేరతాయి, ఆ కబురు తమ ఇంటికి ఎవరు తెస్తారు అని పిల్లలు అడుగుతారు. ఆయనే జవాబు చెప్పాలి.

ఇట్లు,
ఒక సాంఘికశాస్త్రం టీచర్,
మలక్‌పేట, హైదరాబాద్