డెక్‌కి వార్నిష్ వద్దు తల్లీ

చిరంజీవి అమ్మలూ,

నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. రెండో ఫొటోలో మీ డెక్, అదే ఇంటి బయట చెక్క పలకలతో వేసిన నేల, మెట్టు పక్కన వార్నిష్ పెచ్చులు లేచి, కింద చెక్క నల్లబడి కనిపిస్తోంది. దాని మీదే ఇంకో కోటు కొట్టేస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదమ్మా. కోటు పలచబడి ఆ పెచ్చులు లేవలేదు. నడిచే నేల మీద ఆ రకం పూత వేయడమే పొరపాటు.

చెక్క చెమ్మకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పొడవులో పెద్ద తేడా రాదు గానీ, పలక వెడల్పు ఏడాది పొడవునా మారుతూనే ఉంటుంది. పైన గట్టిపడిన వార్నిష్ పొర దానితో పాటు సాగలేదు. స్క్రూ తల దగ్గరో, పలక కొన దగ్గరో వెంట్రుకంత బీట పడుతుంది. వాన నీరు అందులోంచి దిగుతుంది. ఆరిపోదామంటే పైన పొర మూతలా అడ్డం. దీనికి తోడు ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగులేని పొరను దాటిపోయి, చెక్క పోగులను అతికి ఉంచే లిగ్నిన్‌ను చెడగొడతాయి. ఊడిన పెచ్చు ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడు. సన్నటి బూడిదరంగు నూగు అంటుకుని ఉంటుంది. అది చెక్కే. వార్నిష్ పట్టు వదల్లేదు, అది పట్టుకున్న చెక్క పైపొరే విడిపోయి వచ్చింది.

డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని ఎంత పెద్ద అక్షరాలున్నా, ఆరుబయట చెక్కలోకి చెమ్మను పూర్తిగా రానివ్వని పూత లేదు. వచ్చే నీటిని తగ్గించాలి, వచ్చినది త్వరగా పోనివ్వాలి, అంతే మన చేతిలో ఉన్నది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్లు పుట్టించే శిలీంధ్రం పెరగదు. వానకు తడిసి రెండు రోజుల్లో ఆరిపోయే పలకకు ఢోకా లేదు. 30 శాతం దగ్గర వారాల తరబడి నానుతూ ఉన్నదే కుళ్లుతుంది. అందుకని డెక్‌కి చెక్కలోకి ఇంకే నూనె రకం పూతే వాడు. అందులోనూ కొంచెం రంగు కలిసినది. రంగు పొడి ఎండను అడ్డుకుంటుంది. పూర్తిగా రంగులేని నూనె నీటిని కొంత ఆపుతుందేమో గానీ, ఏడాది తిరక్కుండానే చెక్క బూడిదరంగుకు తిరుగుతుంది.

మొదట కుళ్లు ఉందో లేదో చూడు. సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకుని నల్లబడ్డ చోట, పలకల కొనల్లో, స్క్రూల చుట్టూ, కింద దూలాల మీద పొడిచి చూడు. మంచి చెక్క అయితే మొన దిగదు, దిగినా పొడవాటి పేడు లేస్తుంది. కుళ్లినదైతే మెత్తగా దిగిపోయి పొట్టి ముక్కలుగా విరుగుతుంది. అలాంటి పలక మార్చాల్సిందే, ఏ నూనె పోసినా బతకదు. పలకల మధ్య సందులు కూడా చూడు. 5 మిల్లీమీటర్లు ఉండాలి. ఆకులూ మట్టీ ఇరుక్కుని ఉంటే లప్పం పెట్టే రేకుతో గీకి తీసెయ్. నీరు కిందికి జారాలని వదిలిన సందులవి. వాటిని సిలికాన్‌తో నింపుదామని ఎవరైనా సలహా ఇస్తే వినకు. నీరు నిలుస్తుంది, పైగా సిలికాన్ అంటిన చోట తర్వాత ఏ పూతా పట్టదు. పలక ఏదైనా విప్పితే ఆ అవకాశంలో దూలం పైముఖానికి బ్యూటైల్ టేపు (నీరు దిగనివ్వని జిగురు రబ్బరు పట్టీ) అంటించు. స్క్రూ చుట్టూ నీరు దిగి దూలం లోపలి నుంచి పుచ్చిపోవడం చాలావరకు తగ్గుతుంది.

పాత వార్నిష్ మొత్తం పోవాలి. సగం వార్నిష్, సగం ఉత్త చెక్క ఉంటే నూనె మచ్చలు మచ్చలుగా పడుతుంది. లేచిన పెచ్చులు గీకేసి, స్క్రూ తలలు ఉపరితలానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి దించి, ఆ తర్వాతే సాండర్ (ఉప్పు కాగితంతో రుద్దే మెషిన్) పెట్టు. దించకపోతే కాగితం నిమిషానికోసారి చిరుగుతుంది. 60 నంబరు కాగితంతో మొదలుపెట్టి 80తో ఆపెయ్, నంబరు పెరిగేకొద్దీ కాగితం నున్నన. ఉప్పు కాగితం ఎంత నున్నగా ఉంటే అంత మంచిదనుకుంటారు, డెక్ విషయంలో అది తప్పు. 150 దాకా వెళ్తే పైభాగం మెరుగు పెట్టినట్టయి నూనె లోపలికి దిగదు, పైనే జిడ్డుగా ఆరుతుంది. కాలు కూడా జారుతుంది. మాస్క్ తప్పకుండా పెట్టుకో. చాలా పాత ట్రీటెడ్ కలప, అంటే కుళ్లకుండా మందు పట్టించినది అయితే అందులో ఆర్సెనిక్ ఉండవచ్చు, ఆ పొట్టును ఊడ్చి సంచిలో కట్టు గానీ కాల్చకు.

తర్వాత కడగడం. అల్లుడు ప్రెషర్ వాషర్ అద్దెకు తెస్తానన్నాడని రాశావు. తెచ్చుకోనీ గానీ, జాగ్రత్త చెప్పు. మెత్త కలపకు నీటి ఒత్తిడి 500–600 పీఎస్ఐ (మెషిన్ మీద ఉండే ఒత్తిడి కొలత) చాలు. 40 డిగ్రీల వెడల్పు నాజిల్, చెక్కకు 30 సెంటీమీటర్ల దూరం. దగ్గరగా పెడితే మెత్తటి భాగం కొట్టుకుపోయి గట్టి గీతలు దువ్వెన పళ్లలా లేస్తాయి. అప్పుడు మళ్లీ 60 నంబరు కాగితంతో మొదలుపెట్టుకోవాలి. నిజానికి బ్రష్షు, బకెట్టు ఉంటే వాషర్ అక్కర్లేదు.

బూజుకీ, బూడిదరంగుకీ సోడియం పర్‌కార్బొనేట్ (ఆక్సిజన్ బ్లీచ్ పొడి) వాడు. లీటరు గోరువెచ్చని నీటికి 50–60 గ్రాములు. చెక్క మీద పోసి 15–20 నిమిషాలు ఆరనివ్వకుండా తడిగా ఉంచి, గట్టి పీచు బ్రష్షుతో చెక్క గీతల వెంటే తోము. కలిపినది ఆ పూటే వాడెయ్, మూత బిగించి దాచకు, వాయువు పుట్టి డబ్బా పగులుతుంది. ఇది క్షారం కాబట్టి కడిగాక చెక్క కొంచెం నల్లగా తేలుతుంది, కంగారుపడకు. దానికి విరుగుడు ఆక్సాలిక్ ఆసిడ్. లీటరుకు 60 నుంచి 100 గ్రాములు ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి పూసి, పావుగంట ఆగి, రెండుసార్లు మంచినీళ్లతో కడుగు. మేకుల చుట్టూ ఉన్న నల్లమచ్చలు కూడా దీంతోనే పోతాయి. అవి బూజు కాదు, ఇనుము చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి పుట్టిన మరక. కాబట్టి మచ్చ తీసి అదే మేకును వదిలేస్తే మళ్లీ వస్తుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయించు, మామూలు చోట్ల 304 రకం స్టీలు, సముద్రపు గాలి తగిలే చోట 316 రకం.

చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు. క్లోరిన్ బ్లీచ్ జోలికి పోవద్దు. అది చెక్క పోగును తినేస్తుంది, స్క్రూలకు తుప్పు పట్టిస్తుంది. అన్నింటికంటే ముఖ్యం, బ్లీచ్ తడి ఉన్న చోట ఆక్సాలిక్ ఆసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. పిల్లలు తిరిగే చోటు.

కడిగాక కనీసం 48 గంటలు ఎండ, గాలి తగలాలి. నీ దగ్గర తేమ మీటరు ఉంటే 15 శాతం లోపు చూపించాలి. లేకపోతే నాలుగైదు చోట్ల ఒక్కో చుక్క నీళ్లు వేసి చూడు. పది నిమిషాల్లో చుక్క ఇంకిపోతే చెక్క నూనెకు సిద్ధం. ముత్యంలా నిలబడితే లోపల ఇంకా తడి ఉంది, లేదా పాత పూత మిగిలే ఉంది. కొత్తగా వేయించే ట్రీటెడ్ పలకలకూ ఇదే పరీక్ష, మందు నీళ్లు తాగి వస్తాయి గనుక కొన్ని వారాలు పడుతుంది. ఎండాక 80 నంబరుతో ఒక్కసారి పైపైన రుద్దు, తడికి లేచిన నూగు పోతుంది.

మీ డెక్ 4 మీటర్లకు 3 మీటర్లన్నావు, అంటే 12 చదరపు మీటర్లు. గరుకు పాత చెక్క మీద లీటరు నూనె 4–5 చదరపు మీటర్లకు మించి రాదు. పక్కలూ కొనలూ కలిపి మొదటి కోటుకు 3 లీటర్లు, రెండో కోటుకు ఒకటిన్నర. 5 లీటర్ల డబ్బా ఒకటి తెచ్చుకో. రెండు మూడు చిన్న డబ్బాలే దొరికితే అన్నీ ఒకే బకెట్‌లో పోసి కలిపెయ్, డబ్బాకీ డబ్బాకీ రంగు కాస్త తేడా ఉంటుంది. రంగు అడుగున పేరుకుంటుంది, పని మధ్యలో కూడా కర్రతో కలుపుతూ ఉండాలి.

ఎండ సూటిగా పడే వేళ వేయకు. కాలిన పలక మీద నూనె ఇంకేలోపే ఆరిపోతుంది. 10 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండే పూట, మర్నాడు కూడా వాన సూచన లేని రోజు చూసుకో. సాయంత్రం ఆలస్యంగా మొదలుపెడితే మంచు పడుతుంది. రెండు మూడు పలకలు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకేసారి పూర్తి చెయ్. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే అతుకు దగ్గర ముదురు పట్టీ పడుతుంది. 15–20 నిమిషాలకు పైన తేలి మెరుస్తున్న నూనెను గుడ్డతో తుడిచెయ్. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు, ‘పాపం, ఉండనీ, ఇంకా ఇంకుతుంది’ అని వదిలేస్తారు. ఇంకదు. బంకలా మిగిలి దుమ్మంతా పట్టుకుంటుంది. డబ్బా మీద రెండో కోటు ఎప్పుడు వేయమన్నారో చూడు, చాలావాటికి మొదటిది పూర్తిగా ఆరకముందే వేయాలి.

అవిసె నూనె వాడొచ్చా అన్నావు. పచ్చి అవిసె నూనె రోజుల తరబడి ఆరదు, ఆరాక కూడా బూజుకు తిండి. ఒంటిగా దాన్ని బయటి చెక్కకు వాడకు. టేకు నూనె అని అమ్మేది టేకులోంచి తీసినది కాదు, నూనె, వార్నిష్, థిన్నర్ కలిపిన మిశ్రమం. పేరు చూసి కాదు, బూజు మందు, రంగు ఉన్నాయో లేదో లేబుల్ చదివి కొనుక్కో.

ఇప్పుడు కొనల సంగతి. చెక్క అంటే రెల్లు కట్ట లాంటిది. పక్కనుంచి నీరు నెమ్మదిగా దిగుతుంది గానీ, కోసిన కొన దగ్గర ప్రతి గొట్టం నోరు తెరుచుకునే ఉంటుంది. పక్క ముఖం కంటే అక్కడ పది రెట్లకు పైగా వేగంగా పీలుస్తుంది. డెక్ పలకల కొనలకు ఇక పీల్చనంతవరకు, మూడు నాలుగు సార్లు నూనె పెట్టు. కుర్చీలు, బెంచీ అయితే కాళ్లతోనే మొదలు. తలకిందులుగా తిప్పి కాలి అడుగును 80 నంబరుతో రుద్దు. పలచటి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీని (రెసిన్, హార్డెనర్ అని రెండు భాగాలుగా వచ్చే జిగురు) డబ్బా మీది పాళ్లలోనే కలుపు. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ జిగురుగానే ఉంటుంది. చిన్న బ్రష్షుతో అడుగుకు రాసి చూస్తూ ఉండు. మెరుపు క్షణాల్లో మాయమై చెక్క మళ్లీ పొడిబారుతుంది. ఇంకోసారి రాయి. నాలుగోసారికి మెరుపు నిలబడుతుంది, అప్పుడు నోళ్లు మూసుకున్నట్టు. గట్టిపడ్డాక నైలాన్ బొడిపెలు కొట్టు, కాలు నీటి మడుగులో నిలబడదు. ఈ పని నూనె కంటే ముందే కావాలి, నూనె పీల్చిన చెక్కకు ఎపాక్సీ అంటదు.

కుర్చీలకు 120 నంబరు దాకా రుద్ది అదే నూనె రెండు కోట్లు. జాయింట్ల సందుల్లోకి సన్న బ్రష్షుతో పంపించు. బల్లకు మాత్రం మెరుపు కావాలన్నావు. సరే, కప్పు కింద ఉండేదే కదా. ఇంట్లో వాడే పాలియురెథేన్, లాకర్, ఫ్రెంచ్ పాలిష్ ఏవీ బయట పనికిరావు. పడవలకు వాడే స్పార్ వార్నిష్ తెచ్చుకో. అది సాగుతుంది, ఎండను అడ్డుకునే మందు అందులో ఉంటుంది. బల్ల టేకుదైతే ముందు అసిటోన్ గుడ్డతో తుడిచి, దాని సహజ జిడ్డు తీసెయ్. మొదటి కోటు సగానికి సగం థిన్నర్‌తో, రెండోది పావు వంతు థిన్నర్‌తో, ఆపైన చిక్కగా మొత్తం ఆరు కోట్లు. కోటుకీ కోటుకీ మధ్య 320 నంబరుతో తేలికగా రుద్ది, తడిగుడ్డతో పొడి తుడువు. అడుగు ముఖానికి కూడా వెయ్, లేకపోతే ఒకవైపే చెమ్మ పీల్చి పలక వంకర తిరుగుతుంది. ఏడాదికోసారి, బీట పడకముందే, ఒక కొత్త కోటు ఇవ్వాలి. బీట పడితే మొత్తం గీకాల్సిందే. నూనెకు ఆ బాధ లేదు, మచ్చ పడిన చోట కడిగి, రుద్ది, అక్కడికక్కడ పట్టిస్తే కలిసిపోతుంది.

వానాకాలంలో కుర్చీలు, బల్ల మీద ప్లాస్టిక్ పట్టా బిగించి కట్టకు. లోపల ఆవిరి పట్టి పది రోజుల్లో బూజు వస్తుంది. గాలి ఆడే గుడ్డ కవరు వేసి, కింద జానెడు ఖాళీ వదులు. డెక్ మీద ఏడాదికోసారి ఆ నీటి చుక్క పరీక్షే మళ్లీ చెయ్. చుక్క వెంటనే ఇంకుతున్న చోట నూనె అయిపోయిందని లెక్క. నడిచే దారి ముందు అరుగుతుంది, రెయిలింగ్ ఇంకో ఏడాది ఆగుతుంది.

ఆఖరున అల్లుడికి కూడా చదివి వినిపించు. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. ఆరే నూనె గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక కొన్ని గంటల్లో దానంతట అదే అంటుకుంటుంది. ఒక్కొక్కటీ విప్పి బయట నేల మీద పరిచి, అట్టలా బిరుసెక్కేదాకా ఆరనిచ్చి పారేయండి. లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లు పోసి ముంచండి.

స్క్రూడ్రైవర్ ఎక్కడెక్కడ దిగిందో గుర్తుపెట్టి ఫొటోలు పంపు. మెట్టు పక్క పలకలు ఎన్ని మార్చాలో చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
నాన్న